ప్లగ్గులు మార్చా, లైటు వెలిగింది

ముందే చెప్పేస్తున్నా, తప్పు బండిది కాదు, నాదే. అందుకే కంపెనీ పేరూ మోడలూ రాయట్లేదు. 2013 పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు, పెట్రోలుకి నిప్పు పెట్టే ఒక్కో ప్లగ్గు మీద దానికి కరెంటిచ్చే ఒక్కో కాయిల్ కూర్చునే రకం, ఇంత తెలిస్తే చాలు.

82 వేలు తిరిగింది. పొద్దున్న మొదటి స్టార్టు కాస్త ఆలస్యమవుతోంది, మైలేజీ కూడా ఒకటిన్నర తగ్గింది. ప్లగ్గులు మార్చి చాన్నాళ్లయింది, మామూలు నికెల్ ప్లగ్గులకి ముప్పై నలభై వేలకే ఆయుష్షు అంటారు, నావి అది దాటేసి చాలా దూరం వచ్చేశాయి. షెడ్డుకిస్తే సాయంత్రం దాకా అక్కడే కూర్చోవాలి, ఆదివారం పోతుంది. నాలుగు వీడియోలు చూశా, ఇంతేనా అనిపించింది. అలా అనిపించినప్పుడే ఆగిపోవాల్సింది.

విజయనగరం తోటపాలెంలో మా సందులో ఎండ పడకముందే బానెట్ ఎత్తా. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ప్లగ్గులు విప్పాలి, ప్లగ్గులు బిగించే ఇంజన్ పైభాగం, హెడ్డు అంటారు, అది అల్యూమినియం కాబట్టి వేడి మీద విప్పితే మర పోయే ప్రమాదం ఉంది, అది మాత్రం బుద్ధిగా పాటించా. ప్లగ్గులు దిగే గుంటల్లో దుమ్ము సైకిలు పంపుతో ఊదేశా, లేకపోతే ప్లగ్గు తీయగానే ఆ ఇసకంతా సిలిండర్లోకే పోతుంది. ఒక్కో కాయిల్‌కి ఒక బోల్టు, ఒక కప్లర్, అంటే వైర్లని కాయిల్‌కి కలిపే ప్లాస్టిక్ తొడుగు. మొదటి కప్లర్ నొక్కితే వచ్చేసింది. రెండోది రాలేదు. బొటనవేలు ఎర్రబడే దాకా నొక్కా, ఊహూ. ఇక ఇంట్లోంచి చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చి లాకు కింద పెట్టి అలా ఎత్తేసరికి "టిక్" మంది, ఊడొచ్చింది. హమ్మయ్య అనుకున్నా.

కొత్త ప్లగ్గుల గ్యాప్, అంటే కొసన నిప్పురవ్వ దూకే సందు, అది కూడా చూసుకున్నా. ఎన్‌జీకే వాళ్ల ప్లగ్గు నంబరు చివర గీత పెట్టి 11 అని ఉంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు అని అర్థం, సందు కొలిచే రేకు, ఫీలర్ గేజ్, పెడితే నాలుగూ సరిగ్గానే ఉన్నాయి. చేత్తో తిప్పుకుంటూ వెళ్లి, ఇక తిరగదు అన్నాక పానాతో అర చుట్టు, ఇంకొంచెం. బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్ ఉన్నవాళ్లయితే 14 ఎంఎం మర ప్లగ్గుకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 ఎంఎం సన్నం మరకి 15 నుంచి 20, అంతకి మించి బలం చూపించకండి, హెడ్డు మర పోతే ఆ ఖర్చు తలుచుకుంటేనే కళ్లు తిరుగుతాయి. కాయిల్స్ పెట్టా, కప్లర్లు గుచ్చా, స్టార్ట్ చేశా, పిల్లిలా ఉంది ఇంజన్. మా ఆవిడని పిలిచి మరీ వినిపించా.

మధ్యాహ్నం భోంచేసి అత్తారింటికి శ్రీకాకుళం బయల్దేరాం, వెనక సీట్లో పిల్లలిద్దరు. నాతవలస టోల్‌గేట్ దాటేదాకా ఏ గొడవా లేదు, పూసపాటిరేగ కూడా దాటాం. రణస్థలం ఇంకాస్త దూరంలో ఉందనగా ముందు ఇసక లారీ వెళ్తుంటే ఓవర్‌టేక్ చేద్దామని కాలు నొక్కా, బండి ముందుకు పోవాల్సింది పోయి వెనకనుంచి ఎవరో తాడు కట్టి లాగినట్టు జర్కు కొట్టింది, ఒకసారి కాదు నాలుగైదు సార్లు, మీటరు బోర్డులో పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగి ఆరి వెలిగి ఆరి, కొంచెం సేపటికి నిలకడగా వెలుగుతూ ఉండిపోయింది.

"ఏటండీ ఆ లైటు?" అంది మా ఆవిడ.

"ఏమీ లేదు, సెన్సారు," అన్నా. ఏ సెన్సారో అడిగుంటే చచ్చేవాణ్ణి.

ఇక్కడ ఒక ముక్క చెప్పుకోవాలి, ఇది తెలీక చాలామంది జేబులు ఖాళీ చేసుకుంటారు. ఆ లైటు నిలకడగా వెలుగుతుంటే మెల్లగా ఇంటికో షెడ్డుకో చేరొచ్చు, టెంపరేచరూ ఆయిలు లైటూ బాగుంటే కంగారేం లేదు. మినుకు మినుకుమంటే మాత్రం వెంటనే కాలు తీసేయాలి. మన మెకానిక్కులు "మిస్సింగ్ కొడతంది" అంటారే, అది గట్టిగా కొడుతోందని అర్థం. ఒక సిలిండర్లో నిప్పు పడకపోతే అక్కడికొచ్చిన పెట్రోలు కాలకుండా సైలెన్సరు దారి పడుతుంది, మధ్యలో కేటలిటిక్ కన్వర్టర్ అని ఒక డబ్బా ఉంటుంది, లోపల తేనెపట్టులాంటి పింగాణీ, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. ఈ పచ్చి పెట్రోలు వెళ్లి అక్కడ మండుతుంది, వేడికి తేనెపట్టు కరిగి మూసుకుపోతుంది. ప్లగ్గు వందల్లో, ఈ డబ్బా వేలల్లో, కొన్ని బళ్లకి ఇంకా పైనే. నేను కాలు తీసేశా, యాభై దాటకుండా ఎచ్చెర్ల మీదుగా ఈడ్చుకుంటూ వెళ్లా. ఆ ఇసక లారీ మళ్లీ నన్నే దాటుకుని పోయింది.

మా బావమరిది దగ్గర బండి కంప్యూటరు రాసుకున్న తప్పుల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్ ఉంది, ఈఎల్ఎం 327 అని అగ్గిపెట్టంత ఉంటుంది, ఆన్‌లైన్లో కొన్నాడు. స్టీరింగు కింద పోర్టులో గుచ్చి బ్లూటూత్‌తో ఫోనుకి కలిపాడు, కోడు వచ్చింది, పీ 0302. చివరి అంకె సిలిండర్ నంబరు, అంటే రెండో సిలిండర్లో మిస్సింగ్. పీ 0300 అని వస్తే ఫలానా సిలిండరని కాకుండా ఒకసారి ఒకదాంట్లో, ఇంకోసారి ఇంకోదాంట్లో కొడుతోందని. ఒకటో నంబరు ఏ వైపుదంటే, అడ్డంగా కూర్చున్న ఇంజన్లలో చాలావాటికి గేర్‌బాక్సు లేని వైపు, టైమింగ్ చైను ఉన్న వైపు.

అసలు కంప్యూటరుకి ఎలా తెలుస్తుంది అని నాకు ఎప్పట్నుంచో సందేహం, సిలిండర్లో కెమెరా ఉండదు కదా. క్రాంకు షాఫ్టు పక్కన ఒక సెన్సారుంటుంది, షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతోందో పళ్లు లెక్కపెట్టినట్టు లెక్కపెడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్లో షాఫ్టు ప్రతి అర చుట్టుకీ ఒక సిలిండరు పేలి ముందుకు ఒక తోపు తోస్తుంది. ఒక వంతు తోపు రాకపోతే ఆ అర చుట్టు కాస్త నీరసంగా తిరుగుతుంది, ఆ వంతు ఎవరిదో చూసి వాడి పేరు రాసేస్తుంది. పల్లకీ మోసే నలుగురిలో ఒకడు భుజం తీసేస్తే లోపల కూర్చున్నవాడికి తెలిసినట్టే. గతుకుల రోడ్డు మీద చక్రాల కుదుపు షాఫ్టు దాకా వచ్చి దీన్ని పొరపాటు పడేలా చేస్తుందట, అందుకని కొన్ని బళ్లలో రోడ్డు మరీ గతుకులైతే ఈ లెక్క కాసేపు ఆపేస్తారట. మా ఊరి కొన్ని రోడ్ల మీద ఆ కంప్యూటరు ఇక ఎప్పటికీ పని చెయ్యదనుకోండి.

సరే, అత్తారింట్లో టీ తాగేలోపు మూడు తీర్పులు వచ్చేశాయి. మామయ్యగారు "ఆ ఇథనాల్ పెట్రోలే బాబూ, 20 శాతం కలిపేస్తన్నారు" అన్నారు. బావమరిది "డూప్లికేట్ ప్లగ్గులు అంటగట్టుంటారు బావా" అన్నాడు. పక్కింటాయన ఎలక అన్నారు, వాళ్ల బండికి పోయినేడు అదే జరిగిందట. పెట్రోలు వల్లయితే నాలుగు సిలిండర్లూ ఒకే ట్యాంకులోంచి తాగుతున్నాయి కదా, నాలుగూ ఏడవాలి గానీ రెండోది ఒక్కటే ఎందుకు ఏడుస్తుంది. మామయ్యగారితో ఈ మాట అనలేదు, తలూపా. ఎలకకి మాత్రం టార్చి వేసి వెతికా, పెంటికలు లేవు, వైర్లకి పంటి గాట్లు లేవు.

ఇంటర్నెట్టంతా చెప్పే పద్ధతి ఒకటుంది, మంచి పద్ధతే. అనుమానం ఉన్న కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చు, కోడు దాంతో పాటు వెళ్తే కాయిల్ దొంగ, అక్కడే ఉండిపోతే వేరేది చూసుకో. రెండో కాయిల్ మూడుకి, మూడోది రెండుకి మార్చి కోడు చెరిపేశాం. అరసవల్లి దాకా వెళ్లొచ్చాం, స్వామికి బయటినుంచే దణ్ణం పెట్టుకుని. లైటు రాలేదు, రెండులోనూ లేదు, మూడులోనూ లేదు. "కాయిల్ సరిగ్గా కూర్చోలేదు బావా, ఇప్పుడు కూర్చుంది" అన్నాడు వాడు, నేనూ అంతే అనుకున్నా. రాత్రి విజయనగరం తిరిగొచ్చేశాం, దారంతా వెన్నలా వచ్చింది. స్కానర్ మాత్రం అడిగి తెచ్చుకున్నా.

మంగళవారం స్కూలుకి గరివిడి వైపు వెళ్తుంటే నెల్లిమర్ల దాటగానే మళ్లీ జర్కు. మళ్లీ 0302. కాయిల్ మారినా కోడు రెండులోనే ఉంది అంటే కాయిల్ దొంగ కాదు, ఇక ప్లగ్గే అయ్యుండాలి అని సాయంత్రం రెండో ప్లగ్గు విప్పా. తడిగా ఉంది. ముక్కు దగ్గర పెడితే పెట్రోలు వాసన గుప్పుమంది. మిగతా మూడూ పొడిగా, అప్పుడే కాస్త లేత గోధుమ రంగుకి తిరుగుతున్నాయి. ఆ తడి ప్లగ్గు నాకు అంతా చెప్పేసింది అసలు, నేనే వినలేదు. పెట్రోలు వస్తోంది అంటే దాన్ని చిమ్మే ఇంజెక్టర్ పనిచేస్తోంది, తడిగానే మిగిలింది అంటే నిప్పు పడట్లేదు. కాయిల్ మంచిదే అని తేలింది. ఇక నిప్పు దారిలో మిగిలింది ప్లగ్గు, కాకపోతే కాయిల్‌కి కరెంటు తెచ్చే వైరు. వైరు నా బుర్రకి తట్టలేదు. ప్లగ్గు తుడిచి ఆరబెట్టి మూడోదానికి మార్చి అన్నీ బిగించేశా. రెండ్రోజులు మళ్లీ వెన్న.

శుక్రవారం ఎత్తు బ్రిడ్జి ఎక్కుతుంటే వెనక ఆటోవాళ్లు హారన్లు, నా బండి ఎక్కనంటోంది, లైటు మినుకుమినుకు. 0302. ఈసారి కోపం వచ్చింది. బజార్లో కొత్త కాయిల్ కొనేశా, 2,100 రూపాయలు. కాయిల్ మంచిదని నేనే తేల్చుకున్నాక మళ్లీ కాయిల్ ఎందుకు కొన్నానంటే నా దగ్గర జవాబు లేదు, ఏదో ఒకటి కొంటే గానీ మనసు ఆగదు, అంతే. బిగించా. శనివారమంతా బాగుంది, మా ఆవిడతో "చూశావా, కాయిలే" అన్నా. ఆదివారం పొద్దున్న కూరగాయల మార్కెట్ నుంచి వస్తుంటే మళ్లీ జర్కు, అప్పుడు చూశా అసలు కాయిల్ సంగతి.

అప్పుడు వెళ్లా మెకానిక్ బాబాయ్ దగ్గరికి. రింగు రోడ్డు వైపు ఆయన షెడ్డు, షెడ్డంటే ఒక రేకు, ఒక వేపచెట్టు. చిన్నప్పుడు సాలూరులో లారీల దగ్గర పని నేర్చుకున్నాడు, ఆ ఊరు లారీలకి పేరుమోసిన ఊరు కదా, ఇప్పుడు చిన్న బళ్లు చూస్తున్నాడు. నేను స్కానర్ తీసి ఫోను చూపించబోయా, చూళ్లేదు.

"అది తర్వాత మేస్టారూ. ముందు సెప్పండి, మీరు ఏటేటి ముట్టుకున్నారు?"

చెప్పా. ప్లగ్గులు, కాయిల్స్, కప్లర్లు. గాలి ఫిల్టరు పైపు అడ్డమొస్తే అది కూడా విప్పా.

"బాగున్న బండేనా అంతకుముందు?"

"బాగానే ఉంది."

"అయితే మీరు ముట్టుకున్న కాడే ఉంటాది, బయటినుంచి ఏటీ రాదు."

ముందు గాలి పైపు బిగింపు చూశాడు. అది వదులైతే లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది, కొలిచిన గాలికి సరిపడా పెట్రోలు పోసే బళ్లలో పీ 0171 అని లీన్ కోడు, అంటే గాలి ఎక్కువ పెట్రోలు తక్కువ అని, వస్తుంది. ప్లగ్గులు మార్చినవాళ్లు మర్చిపోయేవాటిలో అదొకటి, దాని మీదుండే సెన్సారు కప్లర్ గుచ్చకపోవడం ఇంకొకటి. మావి రెండూ బాగానే ఉన్నాయి. తర్వాత బండి స్టార్టులో ఉంచి వంగి, ఒక్కో కాయిల్ కప్లర్‌ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా ఊపాడు, వీణ తీగ సరిచూస్తున్నట్టు. ఒకటి, ఏం లేదు. నాలుగు, మూడు, ఏం లేదు. రెండు ముట్టుకోగానే ఇంజన్ "బుర్రు బుర్రు" మని వణికింది. వేలు తీస్తే సర్దుకుంది. మళ్లీ ముట్టుకుంటే మళ్లీ వణుకు.

బండి ఆపి ఆ కప్లర్ లాగాడు. నొక్కలేదు, ఏమీ చెయ్యలేదు, ఉత్తినే లాగితే చెప్పులోంచి కాలు తీసినంత తేలిగ్గా వచ్చేసింది. తిప్పి నాకు చూపించాడు.

"దీని నాలికేదీ?"

కప్లర్ మీద చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది, కాయిల్ మీదున్న గుబ్బకి తగులుకుని అదే పట్టి ఉంచుతుంది. మిగతా మూడింటికీ ఉంది, దీనికి లేదు, విరిగిన చోట తెల్లగా ఉంది. పన్నెండేళ్లు బానెట్ కింద వేడికి ఉడికి ఆ ప్లాస్టిక్కు అప్పడం అయిపోయింది, స్క్రూడ్రైవర్ తగలగానే పుటుక్కుమంది. నేను విన్న ఆ టిక్. బాబాయ్ టార్చి వేసి వాల్వు కవరు పక్కన సందులో వేలు పెట్టి తీశాడు, విరిగిన ముక్క అక్కడే ఉంది, మెంతి గింజంత.

ఇప్పుడు వెనక్కి వెళ్లి చూసుకుంటే సిగ్గేసింది. కాయిల్ మార్చినప్పుడు కప్లర్ ఊడదీసి మళ్లీ గట్టిగా గుచ్చా, కాబట్టి బాగుంది. ప్లగ్గు మార్చినప్పుడూ గుచ్చా, బాగుంది. 2,100 పోసినప్పుడూ గుచ్చా, అప్పుడూ బాగుంది. ప్రతిసారీ బాగుచేసింది నా బొటనవేలు, పేరు మాత్రం ఒకసారి కాయిల్‌కి, ఒకసారి ప్లగ్గుకి ఇచ్చుకుంటూ పోయా. నాలుక లేని కప్లర్ ఇంజన్ వణుకుకి రోజుకి వెంట్రుకవాసి చొప్పున వెనక్కి జారుతూ, రోడ్డు బాగుంటే రెండ్రోజులకి, బాగోకపోతే ఒక్కరోజుకే పిన్నుల్ని వదిలేసేది. కాలు నొక్కినప్పుడు ఇంజన్ ఒక పక్కకి ఒరుగుతుంది చూడండి, అప్పుడు పూర్తిగా. అందుకే ఓవర్‌టేకులోనూ బ్రిడ్జి మీదానూ. పక్కకి మార్చి చూసే ఆ పరీక్షలో కొట్టిన దెబ్బ ఇదే, దొంగని పట్టుకోవడానికి వెళ్లి ప్రతిసారీ నేనే వాడికి తలుపు వేసొస్తున్నా. మార్చకుండా ముందు ఊపి చూసుంటే అత్తారింట్లోనే తేలిపోయేది.

ఆ పూటకి కప్లర్నీ కాయిల్‌నీ కలిపి ఒక ప్లాస్టిక్ ట్యాగు బిగించి పంపాడు. మర్నాడు పాత సామాన్ల కొట్టునుంచి అలాంటిదే కప్లర్ వైర్లతో సహా తెప్పించాడు, ఒక వైరు కోసి అతికాక గానీ రెండోది కోయలేదు, రంగులు కలిసిపోకుండా. అతికిన చోట ముడుచుకునే గొట్టం వేసి లైటరుతో వేడి చేశాడు. సామాను 150, పని 200. ప్లగ్గు గుంటల్లో ఆయిలు గానీ నీళ్లు గానీ లేవని కూడా చూసి చెప్పాడు, ఉంటే కాయిల్ కింది రబ్బరు బూటు పాడై ఇదే మిస్సింగ్ కొడుతుందట.

లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. స్కానర్‌తో చెరిపేద్దామా అంటే వద్దన్నాడు. "సెరిపేస్తే ఏటి తెలుస్తాది? దానంతటది ఆరితే నమ్మాలి." అది నిజమే, మిస్సింగ్ లేకుండా వరసగా మూడు ట్రిప్పులు తిరిగితే కంప్యూటరు లైటు ఆపేస్తుంది, కోడు మాత్రం లోపల దాచుకుని ఇంజన్ నలభై సార్లు చల్లబడి వేడెక్కాక గానీ చెరపదు. కొందరు బ్యాటరీ టెర్మినల్ పీకేస్తారు, దాంతో కోడుతో పాటు కంప్యూటరు నేర్చుకున్నదంతా పోయి నాలుగు రోజులు ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, మళ్లీ కొత్త అనుమానాలు. నేను ఏమీ ముట్టుకోలేదు. రోజూ తాళం తిప్పడం, ఆ పసుపు బొమ్మ వైపు చూడటం, స్కూలుకి పోవడం. గురువారం పొద్దున్న స్టార్ట్ చేస్తే మిగతా లైట్లతో పాటు వెలిగి, వాటితో పాటే ఆరిపోయింది. ఇంటి ముందే రెండు నిమిషాలు అలా కూర్చుండిపోయా, మళ్లీ వస్తుందేమోనని.

సాయంత్రం వచ్చేటప్పుడు షెడ్డు దగ్గర ఆపి చెప్పా, బాబాయ్ ఆరిపోయింది అని. ఆయన ఏదో ఆటో కింద ఉన్నాడు, కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఆరిపోద్దని సెప్పాను కదా మేస్టారూ. ఆ కొత్త కాయిల్ ఏటి సేసారు?"

"డిక్కీలో ఉంది."

"మొన్న ఒకాయన బండికి అదే కావాలన్నాడు. నిజంగా కాయిలే పోనాది ఆళ్లకి. ఇచ్చేయండి, వెయ్యి ఇప్పిస్తాను."

పన్నెండొందలకి బేరం ఆడి ఇచ్చేశా.